నల్ల సీసా

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. జోగారావు సంపు అంచున గొంతుక్కూర్చుని లోపలికి టార్చి వేశాడు. నీళ్లు సగానికే ఉన్నాయి. గోడ మీద తడి గీత మాత్రం పై అంచు దాకా ఉంది. ఐదింటికి తెరవబోయే ప్లాంటు కదా, కడిగినప్పటి తడి అయి ఉంటుంది అనుకున్నాడు. అంతకు మించి ఆలోచించలేదు. ఆ తర్వాత ఆ విషయం గుర్తొచ్చినప్పుడల్లా తన్ను తాను తిట్టుకున్నాడు.

మెట్టుగూడ దగ్గర చింతబావి బస్తీలో ఉన్న ఈ ఫిల్టరు ప్లాంటు సంపులోంచే బుధవారం పొద్దున రాములు శవాన్ని పైకి తీశారు. రాములు ముప్పై ఏళ్లు నీళ్ల ఆఫీసులో లైన్‌మన్‌గా వాల్వులు తిప్పి రిటైరైన మనిషి. తర్వాత ఒక స్వచ్ఛంద సంస్థకు బస్తీలో నీళ్లు పరీక్ష చేసిపెట్టేవాడు. పరీక్ష అంటే పెద్ద యంత్రాలేమీ ఉండవు. చిటికెన వేలంత గాజు సీసా, అందులో మందు రాసిన కాగితం ముక్క. నీళ్లు పోసి వెచ్చగా ఉంచాలి. ఆ నీళ్లలో మలం కలిస్తే ఒకటి రెండు రోజుల్లో సీసా నల్లబడుతుంది. మంచి నీళ్లయితే లేత పసుపుగానే ఉండిపోతుంది. చదువురాని వాళ్లకు కూడా అర్థమయ్యే పరీక్ష అది.

పది రోజులుగా బస్తీలో వాంతులూ విరేచనాలూ. ఇరవై ఆరుగురు ఆసుపత్రిలో చేరారు. ఇద్దరు పసిపిల్లలు పోయారు. ప్లాంటు నడిపే ‘నీలకలశం’ కంపెనీ తప్పంతా కొళాయి నీళ్లదే అంది. పోలీసులూ అదే రాశారు. రాములు తాగి వచ్చి, సంపులోకి వంగి, కాలు జారి పడ్డాడని కూడా రాశారు. బుధవారం మధ్యాహ్నం నుంచి బస్తీకి కొళాయి నీళ్లు ఆపేశారు. ఇవాళ ఐదింటికి ప్లాంటు సీలు తీసి మూడు వందల ఇళ్లకు ఇందులోంచే నీళ్లు ఇస్తారు. పోలీసుల మాట నిజమైతే సరే. కాకపోతే ఆసుపత్రిలో మంచాలు చాలవు.

జోగారావు చేతిలో ఉన్నది గంటా యాభై నిమిషాలు.

అతను లేచి మోకాళ్లు దులుపుకుని, ముందు తలుపుకు సీలు ఉండడంతో వెనక తలుపులోంచి ప్లాంటు గదిలోకి వెళ్లాడు. గోడకు చిన్న యంత్రం బిగించి ఉంది. ఉప్పునీళ్లలోకి కరెంటు పంపి క్లోరిన్ తయారుచేసే యంత్రం. చవక, పేద బస్తీలకు వరం అని పైన బోర్డు రాశారు. రోజుకు గిన్నెడు ఉప్పు పోస్తే చాలట. జోగారావు ఉప్పు పెట్టె మూత ఎత్తాడు. అడుగున ఉన్న కాస్త ఉప్పు రాయిలా గడ్డకట్టింది. దాని మీద సాలీడు గూడు అల్లుకుంది. మూలన ఉన్న రెండు ఉప్పు బస్తాలకు కుట్లు కూడా విప్పలేదు.

మళ్లీ అదే తలుపులోంచి బయటికి వచ్చి బోరు పైపు దగ్గర నిలబడ్డాడు. అక్కడినుంచి కంపెనీ వాళ్లే కట్టిన మరుగుదొడ్ల గుంతల దాకా అడుగులో అడుగు వేస్తూ కొలిచాడు. పదకొండు అడుగులు. గుంతకీ బోరుకీ మధ్య కనీసం ముప్పై అడుగులు ఉండాలని నిన్ననే ఎవరో చెప్పారు అతనికి. వెనక కొళాయి కింద మట్టి ఇంకా బురదగా ఉంది. అదీ కడిగిన నీళ్లే అనుకున్నాడు.

"ఏం గురువుగారూ, సంపులో చేపలేమైనా దొరికాయా?"

వెనక్కి తిరిగి చూడకుండానే ఎవరో తెలిసింది. సి.ఐ. సత్యదేవ్. పదిహేనేళ్ల కిందట ఎస్సైగా చేరినప్పుడు ఇతనికి పంచనామా రాయడం నేర్పింది జోగారావే. జోగారావు ఉద్యోగం మానేసి తిరుమలగిరిలో సొంత డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాక ‘గురువుగారూ’ అనే పిలుపులో గౌరవం తగ్గి ఎకసెక్కం పెరిగింది.

"ఉప్పు దొరకలేదయ్యా. అదే వెతుకుతున్నా" అన్నాడు జోగారావు.

సత్యదేవ్ పక్కనే ‘నీలకలశం’ ఇంజినీరు దుర్గేష్ ఉన్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ నలగని చొక్కా. చేతిలో దుకాణంలో కొన్న నీళ్ల బాటిలు. మూత తీసి ఒక గుక్క తాగి మళ్లీ గట్టిగా బిగించాడు. వరం లాంటి ప్లాంటు పక్కనే ఉండగా ఈయన కొనుక్కున్న నీళ్లు తాగుతున్నాడేమిటా అని జోగారావుకు నవ్వొచ్చింది.

"యంత్రానికి ఉప్పెందుకు వేయలేదు దుర్గేష్ గారూ?"

"మొన్నటిదాకా వేశాం సర్. క్లీనింగ్ కోసం ఆపాం."

"సాలీడు ఒక్క రోజులో అంత గూడు కట్టిందా?"

"గురువుగారూ!" సత్యదేవ్ గొంతు గట్టిపడింది. "మీరు పోలీసు కాదు. ఆ సింధూర గారు ఫీజు ఇచ్చి పంపించారని రానిచ్చాను. అంతే."

సింధూర ఆ స్వచ్ఛంద సంస్థ ల్యాబులో పనిచేసే అమ్మాయి. రాములు ఆఖరిసారి ఫోను చేసింది ఆమెకే. రాములు తాగుబోతు చావు చచ్చాడని రాస్తే ఒప్పుకోలేక జోగారావు దగ్గరికి వచ్చింది. మరుగుదొడ్డి గుంతల లెక్క చెప్పింది కూడా ఆమే.

"ఒక్క నాలుగు ప్రశ్నలు. నీ ముందే అడుగుతా" అని జోగారావు ఇంజినీరు వైపు తిరిగాడు. "రాములుని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"మంగళవారం సాయంత్రం నాలుగున్నరకి. సోమవారం నేను చెన్నైలో ఉన్నాను. మంగళవారం ఫ్లైట్ దిగి నేరుగా ఇక్కడికే వచ్చాను."

"ఏం చేస్తున్నాడు?"

"అదిగో, ఆ మలుపులో కొళాయి కనిపిస్తోంది కదా. అక్కడ సీసా నింపుతున్నాడు. లైటరుతో కొళాయి మూతి కాల్చాడు. కాసేపు నీళ్లు వదిలేశాడు. తర్వాత సీసా పట్టి స్టిక్కరు అంటించాడు. నేను కళ్లారా చూశాను సర్."

"తాగి ఉన్నాడా?"

"వాసన వచ్చింది."

"లైటరు వెలిగించి, సీసాలో గీత దాకా నీళ్లు పట్టి, స్టిక్కరు అంటించాడు. చేతులు వణకలేదన్నమాట."

సత్యదేవ్ జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో చిన్న సీసా ఉంది. లోపలి నీళ్లు సిరాలా నల్లగా ఉన్నాయి.

"చూడండి గురువుగారూ. బుధవారం పదకొండింటికి ఈ గదిలో, రాములు సంచీలోనే దొరికింది. సాక్షులున్నారు. స్టిక్కరు చదవండి."

జోగారావు కళ్లజోడు పైకి జరుపుకుని చదివాడు. ‘కొళాయి, మంగళవారం, 4.30.’

"నాలుగున్నర నుంచి మర్నాడు పదకొండు దాకా. పద్దెనిమిదిన్నర గంటలు. సీసా నల్లబడడానికి కనీసం ఒక రోజు పట్టాలి కదా?" అన్నాడు.

"మామూలు మురికికి. ఇది నేరుగా డ్రైనేజీయే సర్. పద్దెనిమిది గంటలు చాలు" అన్నాడు దుర్గేష్ వెంటనే.

"సరే, చాలనుకుందాం. రాములు సింధూరకు ఫోను చేసింది ఎన్నింటికి సత్యదేవ్?"

"అయిదూ నలభైకి. కాల్ రికార్డు ఉంది."

"ఏమన్నాడు?"

"నల్ల సీసా దాచిపెట్టాను, చూస్తే మీకే అర్థమవుతుంది అన్నాడు. మీకూ తెలుసుగా."

"నాలుగున్నరకు పట్టిన సీసా అయిదూ నలభైకల్లా నల్లగా ఎలా అయిందయ్యా? గంటా పది నిమిషాల్లో?"

సత్యదేవ్ సీసా వైపు ఒకసారి చూశాడు. ఆ ఒక్క క్షణం అతని మొహంలో పాత ఎస్సై కనిపించాడు. మళ్లీ సి.ఐ. అయిపోయాడు.

"ముందెప్పుడో పట్టిన వేరే సీసా గురించి అని ఉంటాడు."

"అయితే ఆ వేరే సీసా ఏదీ?"

"ఇంట్లో అడిగాం. వాళ్లావిడ లేదంది. మీరూ నిన్న వెళ్లి అడిగి ఉత్తి చేతులతో వచ్చారని విన్నాను." సత్యదేవ్ కవరు జేబులో పెట్టుకున్నాడు. "ఇదే నమూనాతో ఇంకో నలభై బస్తీల్లో ప్లాంట్లు రావాలి. పై నుంచి రోజుకు పది ఫోన్లు. మీ అనుమానాల కోసం జనాన్ని దాహంతో చంపమంటారా? సరిగ్గా అయిదింటికి సీలు తీస్తాను. కాగితం ఉంటే తెండి, కథలు చెప్పకండి."

దెబ్బ సూటిగానే తగిలింది. జోగారావు బయటికొచ్చాడు. టైము నాలుగూ అయిదు.

గల్లీ మొదట్లో నిలబడి సింధూరకు ఫోను చేశాడు.

"అమ్మా, రాములు అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పు. మన మాటల్లోకి మార్చకు. అతను ఎలా అన్నాడో అలాగే."

సింధూరది రాజమండ్రి. హైదరాబాదుకు వచ్చి రెండేళ్లే అయింది. ఆమె గుర్తు తెచ్చుకుంటూ ఆగి ఆగి చెప్పింది. "‘మేడం, నల్ల సీస ఇంట్ల పదిలంగ పెట్టిన. రేపు పొద్దుగాల మీరే వచ్చి సూడుండ్రి, సూస్తె మీకే సమజైతది. జెర ప్లాంటు కాడికి పోయొస్త’ అన్నాడండీ. అంతే. నల్ల సీసా అన్న మాట మాత్రం మళ్లీ ఇంకోసారి అన్నాడు. నాకు బాగా గుర్తు."

"నల్ల అనే అన్నాడా?"

"అదే అన్నాడండీ. కాస్త సాగదీశాడేమో. ఆయన అన్నీ సాగదీస్తాడు కదా."

ఇంట్లో పెట్టానన్న సీసా ప్లాంటులో సంచీలోకి ఎలా వచ్చింది? ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని జోగారావు రాములు ఇంటికి నడిచాడు.

రాములు భార్య విమలమ్మ గడపలో కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. మూడు రోజుల్లో ఇంకో పదేళ్లు మీద పడ్డట్టుంది. అతన్ని చూసి లేచి చాప పరిచింది.

"కూసోండ్రి సారు. ఎండల వడి వచ్చినట్టున్నరు. నీళ్లు తాగుండ్రి."

లోపలికి వెళ్లి స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చింది. జోగారావు గొంతు తడారిపోయి ఉంది. గ్లాసు ఎత్తి గటగటా ఒక్క చుక్క మిగల్చకుండా తాగాడు.

"అమ్మా, మళ్లీ అదే అడుగుతున్నానని విసుక్కోకు. రాములు ఇంట్లో ఏదైనా సీసా దాచాడా? నల్లగా ఉన్నది?"

"లేదని పోలీసోళ్లకు జెప్పిన, నిన్న మీకు సుత జెప్పిన. నల్లటిదేం లేదు సారు."

జోగారావు నిట్టూర్చి చుట్టూ చూశాడు. వాకిట్లో మూడు నీలం డ్రమ్ములు బోర్లించి ఉన్నాయి. గోడ పక్కన కొళాయి మూతికి గుడ్డ చుట్టి ఉంది.

"నీళ్లకు ఇబ్బందిగా ఉందా?" మాట కలపడానికే అడిగాడు.

"తక్లీఫ్ కాకుంటె ఏమైతది? బుధారం పొద్దుగాల వచ్చిందే ఆఖరు. గాడికెళ్లి నల్లా బందు వెట్టిండ్రు. మాకు రోజిడిసి రోజే గద. సోమారం వచ్చె, బుధారం వచ్చె. ఇయ్యాల రావాలె, రాలె."

జోగారావు ఖాళీ గ్లాసు చాప మీద పెట్టాడు.

"ఏం బందు పెట్టారన్నావూ?"

"నల్లా."

ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాడు. రోజుకు పదిసార్లు ఈ మాట వింటూనే ఉంటాడు. కానీ భీమవరంలో పుట్టిన నోరు ఇప్పటికీ కొళాయి అనే అంటుంది, చెవి కూడా అలాగే వింటుంది. సింధూర చెవీ అంతే. సత్యదేవ్ చెవీ అంతే. చనిపోయే ముందు ఒక మనిషి చక్కగా, సాగదీసి మరీ, నల్లా సీసా అని చెప్పాడు. కొళాయి నీళ్లు పట్టిన సీసా. వీళ్లందరూ కలిసి దానికి నల్ల రంగు పూశారు. జోగారావుకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"విమలమ్మా, నల్లా సీసా ఉందా? నల్లా నీళ్లు పట్టిన సీసా?"

ఆమె అతని మొహంలోకి వింతగా చూసింది.

"గదా? గదుంది. మీరంత నల్లటిది, నల్లటిది అంటిరి. నల్లా సీస అని ఎవలడిగిండ్రు?"

లోపల బియ్యం డబ్బాలో చేయి మోచేతి దాకా దూర్చి, పాత ఉన్ని టోపీలో చుట్టిన సీసాను బయటికి తీసింది. సీసాలు వెచ్చగా ఉండాలని రాములు ఇలాగే బియ్యంలో పెట్టేవాడట. జోగారావు దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. లేత పసుపు. తేటగా, అడుగున కాగితం ముక్క కనిపించేంత తేటగా ఉంది. స్టిక్కరు మీద వంకర అక్షరాలు: ‘నల్లా, సోమ, పొద్దున 6.’

సోమవారం పొద్దున పట్టింది. నాలుగు రోజులు బియ్యంలో వెచ్చగా ఉన్నా నల్లబడలేదు. అంటే కొళాయి నీళ్లు శుభ్రం.

"ఆయన ఎప్పుడూ రెండు సీసాలు పట్టేవాడా?"

"ఎప్పుడు రెండే. నల్లాదొకటి, ఫిల్టర్‌దొకటి. మంగళారం పొద్దుమీకి ఫిల్టర్‌ది సంచిల వేస్కొని పోయిండు. ‘గాళ్లకు సూపెట్టి వస్త’ అన్నడు. మల్ల రాలె."

"మంగళవారం సాయంత్రం నల్లా వచ్చిందా?"

"మంగళారం ఏడికెళ్లి వస్తది సారు? మాది సోమారం, బుధారం. గది సుత పొద్దుగాల ఐదున్నరకొస్తె ఆరున్నరకు పోతది. మా ఆయన ముప్పై ఏండ్లు గదే వాల్వు తిప్పిండు. గా మాత్రం మాకెరుకలేదా?"

జోగారావు ఫోను తీశాడు. నాలుగూ ముప్పై ఎనిమిది.

"సత్యదేవ్, నేను. ఫోను పెట్టేయకు. మీ ఇంట్లో కొళాయి తిప్పితే నీళ్లు ఎప్పుడొస్తాయి?"

"ఏంటి గురువుగారూ ఈ ప్రశ్న? ఎప్పుడు తిప్పినా వస్తాయి."

"మా ఇంట్లోనూ అంతే. బొల్లారంలో దుర్గేష్ విల్లాలోనూ అంతే. మనకు మేడ మీద ట్యాంకులున్నాయి. ఈ బస్తీకి లేవు. వీళ్లకు రోజు విడిచి రోజు, పొద్దున ఒక గంట. మంగళవారం ఇక్కడ కొళాయిలో చుక్క నీరు రాలేదు. నాలుగున్నరకు రాములు సీసా నింపుతుంటే కళ్లారా చూశానన్నాడే నీ సాక్షి. దేంతో నింపాడో అడుగు."

అవతల సత్యదేవ్ జేబు తడుముకున్న చప్పుడు వినిపించింది.

"ఇంకోటి. ఆ స్టిక్కరు మీద ఏం రాసుంది?"

"కొళాయి అని."

"రాములు పుట్టినప్పటి నుంచీ ఆ మాట అని ఎరగడు. నల్లా అంటాడు. ఆ స్టిక్కరు రాసింది మన కోస్తా వైపు వాడు. మన వైపు వాళ్లమే కాబట్టి మనిద్దరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. దాన్ని గోటితో పీకి చూడు. కింద ఇంకోటి ఉంటుంది."

ప్లాస్టిక్ కవరు గలగలలాడింది. సాక్ష్యాన్ని గోటితో గీకడం తప్పని ఇద్దరికీ తెలుసు.

"ఉంది" అన్నాడు సత్యదేవ్. ఆ గొంతులో ఎకసెక్కం లేదు. "‘ఫిల్టర్, సోమ, పొద్దున 6’ అని ఉంది గురువుగారూ."

"ఉప్పు వేయని యంత్రం, పదకొండు అడుగుల దూరంలో మరుగుదొడ్డి గుంత. నల్లబడింది వాడి ప్లాంటు నీళ్లు. రాములు అది పట్టుకెళ్లి వాడికే చూపించాడు, పిచ్చివాడు, బాగుచేస్తారనుకుని. వాడు రాములుని సంపులోకి తోసి, సీసా మీద కొత్త స్టిక్కరు అంటించాడు. దుర్గేష్ ఎక్కడ?"

"ఇప్పుడే కారు దగ్గరికని వెళ్లాడు. పట్టుకుంటాను. మీరు ఆ సీసాతో అక్కడే ఉండండి. సీలు తీయను. ఒక్క చుక్క బయటికి పోదు."

జోగారావు గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. ఇరవై నిమిషాల ముందు పట్టుకున్నాడు. రాములు తాగి చావలేదని ఇక కాగితం మీద రాస్తారు. ఆ మాటే విమలమ్మకు చెప్పాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నిశ్శబ్దంగా ఏడ్చింది. అతనికీ కళ్లు చెమర్చాయి. గొంతు మళ్లీ ఎండినట్టయింది.

"ఇంకో గ్లాసు నీళ్లివ్వమ్మా."

ఆమె కళ్లు తుడుచుకుని గ్లాసు తీసుకుంది. తలుపు పక్కకు జరిగి వంగింది. అప్పుడు కనిపించింది, ఇంతసేపూ తలుపు చాటున ఉన్న క్యాను. నీలం క్యాను. దాని మీద తెల్లటి కలశం బొమ్మ.

"అది... అదెక్కడిదమ్మా?"

"ఫిల్టర్‌దే సారు. పొద్దుగాల ఆరింటికి దుర్గేష్ సారు మనుషులొచ్చి ఎనక దిక్కు నల్లాకెళ్లి పట్టి, ఇంటికొక్కటి ఇచ్చి పోయిండ్రు. హౌజు కడిగినం, మంచిగుంది, సాయంత్రం దాకా వాడుకోండ్రి అన్నరు. నల్లా బందు, ట్యాంకర్ రాలె. గల్లీ అంత పొద్దుగాల్నించి గవే తాగుతున్నం."

హౌజంటే ఆ సంపే. సగానికి దిగిన సంపు. పై అంచు దాకా తడి గీత. వెనక కొళాయి కింద బురద. అన్నీ చూశాడు, అన్నీ కడిగిన నీళ్లే అనుకున్నాడు. సీలు ముందు తలుపుకే వేశారు.

జోగారావు లేచి గడప దాటి గల్లీలోకి చూశాడు. ఎదురింటి అరుగు మీద నీలం క్యాను. పక్కింట్లో నీలం క్యాను. మలుపు దాకా ప్రతి గడపలోనూ ఒకటి. కొన్ని అప్పుడే సగం ఖాళీ అయ్యాయి.

"నువ్వు కూడా తాగావా?" అన్నాడు.

విమలమ్మ గ్లాసు నింపి అతని ముందుకు చాపింది.

"నేనొక్కదాన్నే తాగలె సారు. ఆయన పాణం వోయిన హౌజుల నీళ్లు నా గొంతు దిగుతయా? ఇంటికొచ్చినోళ్లకు పోసెతందుకు వేరే నీళ్లు లేకపాయె."